పెరటి షెడ్డులోని పాత కారు

పప్పులు, పచ్చళ్లు, పసిబిడ్డల జ్వరములు ముచ్చటించుకొను నీ పుటలో మోటారుబండి ప్రసక్తి యేలయని సోదరీమణులు కొందఱు నొసలు చిట్లింపవచ్చును. కాని యింటిలోని యే వస్తువు నమ్మవలసి వచ్చినను, అది బిందెయైనను బీరువాయైనను, తుదకా భారము గృహిణి మీదనే పడుచున్నది. మగవారు కొనుట యెఱుగుదురు. కొన్నదానిని వదలించుకొనుట వారి చేతకాదు. ఇది నిందగా వ్రాయుట లేదు. మా యింటి యటుక మీదను రెండు రేడియోలు, నడవని గడియారములైదు గలవు.

మేము నివసించు బేగంపేట యొక స్త్రీ పేరిట వెలసిన పేట. నిజాము వంశమునకు జెందిన బషీరున్నీసా బేగమునకు పైగా వంశపు అమీరుతో వివాహమైనపుడు కట్నముగా వచ్చిన భూమి యగుటచే దీని కీ నామము కలిగెనందురు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయిన పిదప మా చెవులకు కొంత విశ్రాంతి దొరకినది. ఇండ్లకు మాత్రము దొరకలేదు. పెరడు, బావి, మామిడిచెట్టు గల పాత యిండ్లొక్కటొక్కటిగా పడగొట్టబడి అపార్టుమెంట్లు లేచుచున్నవి. మా పొరుగు పిన్నిగారి యింటికిని అదే ముహూర్తము వచ్చినది. (చుట్టరికము పిలుపుదే, అభిమానము మాత్రము రక్తసంబంధమునకు దీసిపోదు.) కొడుకులిద్దఱును దూరదేశముననుండి సమ్మతి తెలిపిరి. రెండు మాసములలో నిల్లు ఖాళీ చేయవలెను. మంచములకు, గిన్నెలకు దారి దొరకినది. పెరటి షెడ్డులోని కారునకు మాత్రము దొరకలేదు.

అది హిందూస్థాన్ లాండ్‌మాస్టరు. పిన్నిగారి మామగారు 1955లో కొన్నది. కలకత్తా చెంత ఉత్తరపాడాలోని హిందూస్థాన్ మోటార్సు కర్మాగారమున, ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు రెండవ తరగతి కారు మాదిరిగా, 1954 నుండి తయారైన బండి. మన మందఱ మెఱిగిన అంబాసిడరునకు ఇది యప్పగారు. ఆ చెల్లెలు 2014 వఱకును తయారగుచు ఊరూర తిరిగినది గనుక అందఱికిని గుర్తున్నది, అప్పగారిని మఱచినారము. పిన్నిగారి బండి యా షెడ్డులోనుండియే మూడు రాష్ట్రములను జూచినది: హైదరాబాదు రాష్ట్రము, 1956 నుండి ఆంధ్రప్రదేశము, 2014 నుండి తెలంగాణము. అందులో చివరి ముప్పది యెనిమిదేండ్లు కదలకయే చూచినది.

1987లో నొకనాడు ఇంజను పట్టివేసి నిలిచిపోయెను. "వచ్చే దసరాకు బాగుచేయించెద" నని బాబాయిగా రనిరి. ఆ మాట యేటేట అనుచునే యుండిరి. ఆయుధపూజనాడు బండికి పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ గట్టి, కదలని చక్రముల ముందు గుమ్మడికాయ కొట్టెడివారు. ఐదేండ్ల క్రిందట వారు గతించిరి. అటుపిమ్మట నా పూజ పిన్నిగారే చేయుచు వచ్చిరి. కావున దాని నమ్ముట యన్న నిత్తడి బిందె నమ్మునట్టిది కాదు. అమ్మవలసిన యవసరమును గలదు: క్రొత్త యిల్లు సిద్ధమగువఱకు అద్దెకుండవలెను, కంటి శస్త్రచికిత్స చేయించుకొనవలెను, ప్రతిదానికి కొడుకులకు ఫోను చేయుట ఆమె కిష్టము లేదు.

మొదట వచ్చినవాడు పాత యినుపసామాను కొట్టువాడు. బండిని జుట్టి తిరిగి, చక్రమును కాలితో తన్ని, తూకము లెక్కన ధర చెప్పెను. ఆ ధరకు మంచి కుక్కరొకటి, కొన్ని గిన్నెలు వచ్చును. పిన్నిగారు తలుపు వేసికొనిరి.

అప్పుడు మేము కలుగజేసికొంటిమి. ఇల్లమ్మునపుడు సున్నము కొట్టింతుము గదా, కారునకు రంగు వేయించిన మంచి ధర రాదా యని మా యూహ. తెలిసిన మెకానిక్కు కుఱ్ఱవాని బంపితిమి. అతడు తెల్లవాఱుసరికే ఉప్పు కాగితముతో వచ్చి ముందటి కుడివైపు మడ్గార్డును ఇనుము తేలునట్లు రుద్దెను; తరువాత బండిని జీపునకు తాడుగట్టి లాగింతుము, ఇంజను దానియంతట అదే లేచునని చెప్పెను. మేమును సరే యంటిమి. ఆనాటి మా తెలివిని తలచుకొన్న నిప్పటికిని సిగ్గగుచున్నది.

సమయమునకు వచ్చి యాపినవారు ఖైరతాబాదు వాస్తవ్యులగు నొక పెద్దలు, పాత బండ్లను బ్రదికించుటయే వ్యసనముగా గలవారు. మడ్గార్డు జూచి వారు కొంతసేపు మాటాడలేదు. పిదప నెమ్మదిగా, "అమ్మా, ఈ రంగు 1955లో కర్మాగారమున వేసినది. ఎవరైనను మరల రంగు వేయగలరు. మొదటి రంగు వేయుట మాత్ర మిక నెవరి తరము కాదు" అనిరి. అఱువది సంవత్సరములకు పైగా నిలిచిన యా పూతను మా సలహా యొక్క యుదయమున తుడిచివేసినది. తరువాత బేరమున ఆ మడ్గార్డు ప్రసక్తి మూడు మారులు వచ్చినది. మూడు మారులును మేము తల వంచుకొంటిమి.

ఇంజను సంగతియు వారే వివరించిరి. చిరకాలము నిలిచిన బండిలో పిస్టనుల చుట్టునుండు రింగులు సిలిండరు గోడలకు త్రుప్పుతో నంటుకొనియుండును. బలవంతముగా లాగినచో అవి విఱుగును, గోడలు గీచుకొనిపోవును. బాగుకాదగిన ఇంజను పనికిమాలినదగును. స్పార్కు ప్లగ్గులు దీసి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి, దినముల తరబడి నాననిచ్చి, తరువాత చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. పప్పు నానకముందే రుబ్బబూనిన రోలుకే నష్టము గదా. వారట్లే చేసిరి. తొమ్మిదవనాటికి హ్యాండిలు పావుచుట్టు తిరిగెను. పిన్నిగారి కన్నులలో నీరు నిండెను.

బాగుచేయని పాత బండిని కోరి కొనువారుందురా యని మీరడుగవచ్చును. ఉన్నారు, ఒక్కొక్కపుడు బాగుచేసినదాని కంటె దానినే యెక్కువగా కోరుదురు. ఫ్రాన్సు దేశపు పశ్చిమభాగమున నొక కుటుంబమువారి పాకలలో దశాబ్దములుగా పడియున్న 59 బండ్లు 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలమునకు వచ్చినవి. అందొక ఫెరారి పాత పత్రికల కట్టల క్రింద దొరకినది. దాని దుమ్ము దులుపకయే అమ్మిరి. పదియాఱు మిలియను యూరోలకు పైగా పలికెను! ఇటలీ సరిహద్దున మజ్జోరె సరస్సులో 1936లో మునిగి, 2009లో పైకి తీయబడిన 1925 నాటి బుగాట్టియు నట్టిదే. సగము తినివేయబడిన రేకు మాత్రమే మిగిలినది. దానిని 2010లో రెండు లక్షల అఱువదివేల యూరోలకు కొన్న అమెరికా ధనికుడు బాగుచేయింపక అట్లే ప్రదర్శనశాలలో నిలిపెను. ఇవి కోటీశ్వరుల ముచ్చటలు; మన లాండ్‌మాస్టరున కా ధర లుండవు. కొనువారి మనస్సెట్లుండునో తెలియుటకే వ్రాయుచున్నాము. వారికి కావలసినది మెఱుగు కాదు, నిజము.

మన యూరి యుదాహరణ మింకను దగ్గఱిది. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో లండనునందు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు నొకదానిని, సింహాసనము వంటి యాసనముతో, బార్కర్ కంపెనీ వారిచే బాడీ కట్టించి తెప్పించునట్లు ఏర్పాటు చేసెను. బండి రాకముందే, ఆ యేడే, ఆయన గతించెను. అది కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌నకు చేరెను. ఆయన యుత్సవములకు దప్ప దానిని వాడకుండుటచే అది తిరిగిన దూరము కొలది వందల మైళ్లే. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ మరణించి మనుమడు ముకర్రం జా వారసుడైనపుడు, గ్యారేజీలలో అఱువది బండ్ల వఱకుండగా నడచునవి నాలుగేయని చెప్పుదురు. పెట్రోలునకు, విడిభాగములకు ఖర్చు మాత్రము అన్నిటికిని వ్రాయబడుచుండెనట! మన యటుకలు నయమనిపించును.

ఆ పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ నేడు మరమ్మతు పొంది చౌమహల్లా భవనమున కనులపండువుగా నున్నది. పాడువడిన యా భవనమును మరల నిలబెట్టుటకు పూనుకొన్నది ముకర్రం జా మొదటి భార్య యగు ఎస్రా రాకుమారి. 2005 నుండి ప్రజలకు ప్రవేశము కలిగినది. 2010లో ఆ పునరుద్ధరణకు యునెస్కో వారి పురస్కారము లభించెను. చూడని సోదరీమణులు పిల్లలతో వెళ్లి చూడవలసినది. రోల్స్‌రాయిస్ మొదటి స్థితి చెడక నిలిచినది ఎక్కువగా వాడకుండుట వలన. మిగిలినవి చెడినది ఎవరును పట్టించుకొనకుండుట వలన. పైకి రెండును ఒక్కటిగనే కన్పట్టును.

సంపూర్ణముగా బాగుచేయించి యమ్మిన లాభమధికము గదా యను ప్రశ్నయు వచ్చినది. పెద్ద కొడుకు ఫోనులో నదే పట్టుబట్టెను. మా యభిప్రాయమున అది మధ్యతరగతి కుటుంబము చేయదగిన పని కాదు. రేకుపని, రంగు, క్రోమియపు పూత, సీట్లు, వైర్లు, రబ్బరు అంచులు, టయర్లు, ఇంజను: ఒక్కొక్కటి విప్పినకొలది మఱియొకటి బయటపడును. పెట్టిన సొమ్ము చాలమారులు తిరిగి రాదు. తన చేతులతో పనిచేయువాడు, లేదా లాభము చూచుకొనని ప్రేమగలవాడు మాత్రమే దానికి తగును. మన మమ్మవలసినది బండిని మాత్రమే కాదు, ఆ పని చేయు నవకాశమును గూడ; దాని నెంత చెడగొట్టక అందించిన నంత మేలు.

ఇక బండి భాగముల సంగతి. ఇక్కడ పిన్నిగారి ముందు ఏ మెకానిక్కును చాలడు. ముప్పది యెనిమిదేండ్లలో నా బండి భాగములు ఇల్లంతట వ్యాపించినవి. స్టార్టింగు హ్యాండిలు పెరటి తలుపునకు గడియగా నుండెను. వెనుక సీటు వరండాలో బల్లయై, ఎన్నో పంచాంగశ్రవణములు విన్నది. జాకీ బియ్యపు డబ్బా క్రింద, దీపపు చుట్టువలయము దేవుని గదిలో, వీల్ కప్పులలో నొకటి కోళ్లకు నీళ్లు పోయు పాత్రగా, మఱియొకటి మెంతికూర మడిలో, మూడవది అటుక మీద దొరకెను. నాల్గవది కానరాలేదు. పిన్నిగారు రెండు దినములు ఇల్లు గాలించి అన్నిటిని పాత చీరలలో మూటలుగట్టి, దేని కది కాగితముపై పేరు వ్రాసి గ్రుచ్చిరి. ఖైరతాబాదు పెద్దలు వాని జూచి, వీనిలో కొన్ని బజారున దొరకనే దొరకవని తెలిపిరి. అంబాసిడరు భాగములు కొన్ని దీనికి సరిపోవునట. రాణిగంజిలో వెదకిన చిక్కవచ్చును. కాని యీ మోడలునకే చెందిన ముందు జాలీ, గుర్తుల వంటివి పోయినచో బండి ముఖమే పోయినట్లు. ఆ గుర్తులు, దీపములు మాత్రమే కొందుమని యొకడు మంచి ధరకు వచ్చినను పిన్నిగా రీయలేదు. అవి తీసినచో మిగులునది ఇనుపకొట్టువాని తూకమే.

తుదకు కాగితములు. బాబాయిగారి ట్రంకుపెట్టెలో, పెండ్లి పత్రికల క్రింద, 1955 నాటి రిజిస్ట్రేషను పుస్తకము దొరకినది. గడువు ఎన్నడో తీరినను దాని విలువ తీరలేదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వమువారు మోటారు వాహనముల నిబంధనలలో పాతకాలపు బండ్లకు ప్రత్యేకస్థానము కల్పించిరి. మొదట రిజిస్టరయి 50 సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు పొందనివి దాని క్రిందికి వచ్చును. క్రొత్తగా రిజిస్టరు చేయించుటకు రుసుము 20,000 రూపాయలు, పదేండ్ల గడువు. మరల చేయించుటకు 5,000. క్రొత్తవానికి 'వి.ఏ.' అను నక్షరములతో నంబరిత్తురు. పాత పుస్తకమున్నవారు తమ పాత నంబరునే నిలుపుకొనవచ్చును. అట్టి బండిని ప్రదర్శనములకు, ర్యాలీలకు, వాని నిమిత్తము పెట్రోలు పోయించుటకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డు మీదికి తీయవలెను. నిత్యవాడుకకు గాదు, అద్దెకు గాదు. అట్లు రిజిస్టరయిన బండిని అమ్మినపుడు ఇరువురును 90 దినములలో రవాణా శాఖకు తెలుపవలెను. ఇప్పుడు గ్రహింపుడు: ఇంజను మార్చి డీజిలు ఇంజను పెట్టించిన యెన్నో లాండ్‌మాస్టరులకు ఈ గౌరవము దక్కుట కష్టము. పిన్నిగారి బండిలో 1,476 ఘనపు సెంటీమీటర్ల మొదటి ఇంజనే యుండెను. పుస్తకములోని ఛాసిస్, ఇంజను నంబర్లను బండి మీది వానితో మేము దీపము పట్టుకొని సరిచూచితిమి. అంకెలన్నియు కలిసినవి.

కాని పుస్తకములో నున్న పేరు మామగారిది! బాబాయిగారు తన పేరునకు మార్పించుకొననే లేదు. యజమాని గతించిన మూడు మాసములలో 31వ ఫారముతో వారసులు మార్పించుకొనవలసియుండగా, దశాబ్దములు గడచినవి. వారసుల ధ్రువపత్రము, ఆలస్యపు రుసుము, ఆడపడుచు లిద్దఱి సంతకములు కావలసివచ్చెను. చిన్న ఆడపడుచు మొదట ససేమిరా యనెను. "నాన్నగారు నన్ను స్కూలునకు దింపిన బండి వదినా, ఇనుపకొట్టునకు పంపుదువా?" అని. పిన్నిగా రామెను షెడ్డునకు దోడుకొనివచ్చి హ్యాండిలు చేతికిచ్చిరి. పావుచుట్టు తిరిగెను. బాగుచేయువారికే అమ్మెదమని మాట తీసికొని, వచ్చిన దానిలో తన వంతును ఒప్పుకొని, ఆమె సంతకము చేసినది. సోదరీమణులారా, మీ షెడ్డులలో నేమున్నను లేకున్నను, బండి పుస్తకములో నెవరి పేరున్నదో నేడే చూచుకొనుడు.

ఆదాయపు పన్ను మాటయు నొకటి. స్వంతవాడుకలోని కారు నమ్మిన లాభము మీద సాధారణముగా పన్నుండదు. అయితే 1983లో ఇరువదివేలకు కొని, తరువాత ఇరువదియొక లక్షలకు అమ్మిన 1931 నాటి ఫోర్డు విషయమున, అది స్వంతవాడుకలో నుండినట్లు రుజువు లేదని బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2025లో పన్నును సమర్థించెను. కావున తిరుపతి యాత్రకు బండి ముందు నిలిచి తీయించుకొన్న ఫొటోలు, పెట్రోలు రసీదులు పారవేయకుడు.

ప్రకటన పిన్నిగారే వ్రాసిరి. వేయి అబద్ధములాడి యొక పెండ్లి చేయుమన్నారు గాని, కారు విషయమున నొక్క యబద్ధము చాలును బేరము చెడుటకు. ఫ్రిజ్‌ మీది అయస్కాంతపు బొమ్మకు గుడ్డ చుట్టి బండి యంతట ఆనించి చూచితిమి. లోపల పుట్టీ యున్నచోట అది యంటుకొనదు. ఎడమవైపు వెనుక తలుపు క్రింద నట్టిచోటు దొరకెను. అదియు వ్రాసిరి. నేల రేకు రెండుచోట్ల చిల్లులు, వైర్లు ఎలుకలు కొఱికినవి, ఇంజను పావుచుట్టు మాత్రము తిరుగును, బ్రేకులు లేవు, వీల్ కప్పొకటి లేదు, మడ్గార్డొకటి "మా తెలివితక్కువచే రుద్దబడినది" అని యున్నదున్నట్లు వ్రాసి, చిల్లుల ఫొటోలే మొదట పెట్టిరి. పలువురు వచ్చిరి. బయానా యిచ్చి, మిగిలినది తరువాత నిత్తుము, బండిని నేడే తీసికొనిపోదుమన్నవారిని పంపివేసిరి. చివరకు కొన్నది విజయవాడ కాపురస్థుడు. చాపపఱచుకొని బండి క్రింద దూఱి గంటసేపు చూచి, లేచి, "మీరు వ్రాసినదానికంటె ఒక చిల్లు తక్కువేనండి" యనెను. ఇనుపకొట్టువాడు చెప్పినదానికి ఎన్నో రెట్లు ధర కుదిరెను. పిన్నిగారి మనస్సున ననుకొన్నదానికి కొంత తగ్గెను, మడ్గార్డు పుణ్యమా యని.

సొమ్ము బ్యాంకులో పడిన తరువాతనే తాళము చేతులు మాఱినది. బండి వేఱు రాష్ట్రమునకు పోవుచుండుటచే ఖైరతాబాదు రవాణా కార్యాలయమునుండి నిరభ్యంతరపత్రము కావలసి రాగా, దానికి మఱి పదిదినములు పట్టెను. ఎత్తుబడికి లారీ వచ్చిననాడు తేది, గంట వ్రాసిన రసీదు మీద ఇరువురు సంతకములు చేసిరి. చక్రములు బిగిసిపోయి యుండుటచే పలకల మీద కొబ్బరినూనె పూసి నలుగురు నెట్టిరి. పిన్నిగారు నిమ్మకాయలు నాలుగు తెచ్చి చక్రముల క్రింద నుంచిరి. అవి చిదిమి బండి కదలెను. ముప్పది యెనిమిదేండ్ల తరువాత.

మఱుసటి మాసమున షెడ్డు పడగొట్టునపుడు మల్లెపొద మొదట పలుగునకు ఖంగున తగిలినది. నాల్గవ వీల్ కప్పు! పిన్నిగారు దానిని కడుగలేదు, తోమలేదు. మన్నుతోనే గుడ్డలో చుట్టి విజయవాడకు పార్సెలు చేసిరి.